గెడ్డ, గరువు, బీల: వాన రాసిన ఉత్తరాంధ్ర చరిత్ర

నేను ఉద్యోగంలో ఉన్న రోజుల మాట. ఏడవ తరగతి పిల్లలకు "మా ఊరు" అనే విషయం మీద వ్యాసం రాయమన్నాను. కొండ దిగువ పల్లె నుండి నడిచి వచ్చే కుర్రవాడొకడు "మా ఊరి పక్కన గెడ్డ ఉంది. వానాకాలంలో అది గెడ్డ, ఎండాకాలంలో అది మాకు దారి" అని రాశాడు. నేను ఎర్రసిరాతో "గెడ్డ" అన్న మాటను కొట్టివేసి, పైన "వాగు" అని దిద్దాను. పాఠ్యపుస్తకంలో ఉన్నది వాగే కదా! ఆ దిద్దుబాటు తప్పని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ రెండు వాక్యాలలో మా ప్రాంతపు శీతోష్ణస్థితీ, దాని వల్ల నేల పొందిన రూపమూ రెండూ ఉన్నాయి. ఇప్పుడు ఈ వ్యాసం ఆ దిద్దుబాటుకు ప్రాయశ్చిత్తమనుకోండి.

చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, శాసనాలు గుర్తుకు వస్తాయి. శ్రీకాకుళం, విజయనగరం సీమలను గాంగులు ఏలారు, గజపతులు ఏలారు, పూసపాటివారు ఏలారు. వీరందరికంటే ముందు నుండి, నేటికీ ఏలుతున్న ప్రభువు మరొకరున్నారు. అది వాన. దానికి ఎండ మంత్రి, గాలి సేనాని. కొండను అరగదీసి మట్టి చేసినదీ, ఆ మట్టిని మోసి మైదానం పరచినదీ, సముద్రపు ఒడ్డున ఇసుకతో గట్టు కట్టినదీ ఈ ముగ్గురే. జిల్లాల ఎల్లలు మనుషులు గీసినవి. 1950లో విశాఖపట్నం నుండి శ్రీకాకుళం విడిపోయింది, 1979లో విజయనగరం ఏర్పడింది, 2022లో పార్వతీపురం మన్యం వచ్చింది. నేల వాలును మాత్రం ఎవరూ మార్చలేదు. అందుచేత ఈ వ్యాసంలో అవసరమైన చోట ఎల్లలు దాటి పొరుగు జిల్లాలకూ వెళతాను, చదువరులు మన్నించాలి.

ముందు కొండల సంగతి. ఒడిశా సరిహద్దులో 1,501 మీటర్ల మహేంద్రగిరి మొదలు అనంతగిరి వరకు మన పడమటి దిక్కున నిలిచిన తూర్పు కనుమలలో ప్రధానమైన శిలకు ఖోండలైట్ అని పేరు. ఈ కొండలలో నివసించే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టాడు. ఒకే రాయి ఎడారిలో ఒక విధంగా, మంచుసీమలో మరొక విధంగా, మన వంటి ఉష్ణసీమలో ఇంకొక విధంగా శిథిలమవుతుంది. ఎడారిలో నీరు తక్కువ కనుక పగటి వేడికీ రాత్రి చలికీ రాయి పెచ్చులు ఊడుతుంది, గాలి ఆ పొడిని ఎగరగొడుతుంది. హిమాలయాల పైభాగంలో పగుళ్ళలో చేరిన నీరు గడ్డకట్టి ఉబ్బి బండను చీలుస్తుంది. మన కొండల మీద జరిగేది వేరు. వేడీ తడీ కలిసినప్పుడు రాయి విరగదు, కుళ్ళుతుంది. వాన నీరు గాలిలోని, మట్టిలోని బొగ్గుపులుసు వాయువును కలుపుకొని పలుచని ఆమ్లమై రాతిలోకి దిగుతుంది. ఖోండలైట్‌లోని కొన్ని ఖనిజాలు మెత్తని సుద్దమట్టిగా మారిపోతాయి. అందులోని గార్నెట్ శిథిలమై ఇనుమును విడిచిపెడితే అది తుప్పుపట్టి మట్టికి ఎర్రని రంగునిస్తుంది. విజయనగరం చుట్టుపక్కల చేలు ఎర్రగా ఉండడానికి ముఖ్య కారణం ఈ తుప్పే.

ఈ కుళ్ళు పరిపాకానికి వచ్చిన చోట సంపద మిగిలింది. అనంతగిరి, గాలికొండ శిఖరాల మీద వేల వేల ఏళ్ళుగా వానలు రాతిలోని ఇసుక పాలును కడిగివేయగా, కరగని అల్యూమినియం పాలు పేరుకొని బాక్సైట్ అయింది. గరివిడి దగ్గర కోడూరులో రాతిలో పలుచగా ఉన్న మాంగనీసు, నీటికి కరిగి మళ్ళీ ఒకచోట చేరి చిక్కబడింది. మన దేశంలో మాంగనీసు తవ్వకం తొలిసారిగా మొదలైనది అక్కడే, 1892 ప్రాంతంలో. అక్కడి శిలకు కోడూరైట్ అని ఆ పల్లె పేరే పెట్టారు. బొర్రా గుహలు కూడా ఆ ఆమ్లజలం పనే. సున్నపురాయిని కరిగించి గుహ చేసి, ఆ సున్నాన్నే బొట్టుబొట్టుగా దించి స్తంభాలు పోసింది. ఆ కొండల నుండి దిగిన గోస్తనీ నదే తాటిపూడి మీదుగా భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

ఈ రాతికి రాజుల చరిత్రతో ఒక ముడి ఉంది. వంశధార ఒడ్డున ముఖలింగంలో, నాటి కళింగనగరంలో రాజ్యం చేసిన తూర్పు గాంగులు తరువాత ఉత్తరాన కటకానికి తరలిపోయారు. ఆ వంశంవాడైన నరసింహదేవుడు 13వ శతాబ్దిలో కోణార్క సూర్యదేవాలయాన్ని కట్టించినప్పుడు ఎక్కువగా వాడినది ఖోండలైటే. చెక్కడానికి అనువైన రాయి. కానీ ఉప్పుగాలికీ వానకూ నిలిచేది కాదు. శిల్పాల ముఖాలు అరిగిపోయాయి, గర్భాలయ శిఖరం కూలింది, మిగిలిన జగమోహనం పడిపోకుండా 1903లో లోపల ఇసుక నింపి మూసివేయవలసి వచ్చింది. కొండకు వేల ఏళ్ళలో వాన చేసే పనిని, అదే రాతితో కట్టిన గుడికి సముద్రపు గాలి కొన్ని వందల ఏళ్ళలో చేసి చూపింది. ప్రకృతికి కొండ అయినా ఒకటే, కోవెల అయినా ఒకటే.

ఇక నదులు. గోదావరి 1,465 కిలోమీటర్లు నడిచి, నెమ్మదించి, విశాలమైన డెల్టా పరచుకుంటుంది. మన నాగావళి, వంశధారలు చెరి 250 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. ఒడిశా కొండలలో పుట్టి, ఏటవాలున పరుగెత్తి, అలుపు తీర్చుకోకుండానే సముద్రంలో పడతాయి. కొండ మీద కుండపోత కురిస్తే దిగువన హెచ్చరికకు కూడా వ్యవధి ఉండదు. 1980 సెప్టెంబరులో వంశధార వరదను చూసినవారు ఇప్పటికీ ఆ రాత్రిని తలుచుకుంటారు. వేసవి వస్తే అదే నదిలో ఇసుక తవ్వి చెలమ తీసుకోవాలి. బలరాముడు నాగలితో గీసిన చాలులో పారింది కనుక నాగావళికి లాంగుల్య అనే పేరు వచ్చిందని స్థలపురాణం. పురాణాన్ని పురాణంగానే చెప్పుకుందాం. అయినా నాగలి చాలు అన్న ఉపమానం గొప్పది. నేలను కోసుకుంటూ పోయే నదిని అంతకంటే బాగా వర్ణించడం కష్టం.

ఈ నదుల పిల్లలే గెడ్డలు. పెద్దగెడ్డ, వట్టిగెడ్డ పేర్లతో నేడు జలాశయాలు కూడా ఉన్నాయి. వట్టి అన్న విశేషణం ఊరికే రాలేదు. ఏడాదిలో వాన అంతా నైరుతి ఋతుపవనాల నాలుగు నెలలలో, ఆపై అక్టోబరు తుఫానులలో కురిసి, మిగిలిన కాలమంతా ఆకాశం మొగం చాటువేసే సీమలోనే అటువంటి పేరు పుడుతుంది. ఏడాది పొడవునా వాన పడే చోట ఏరు వట్టిపోదు, వానే లేని చోట ఏరు పుట్టదు.

కొండకూ కడలికీ నడుమ మైదానంలో అక్కడక్కడ ఒంటరి బోడికొండలు లేచి ఉంటాయి. చుట్టూ ఉన్న మెత్తని భాగం కుళ్ళి కొట్టుకుపోగా, గట్టి భాగం మిగిలి అలా నిలిచింది. రామతీర్థం కొండలు చూడండి. బౌద్ధులు, జైనులు, తరువాత రామభక్తులు అందరూ వాటినే ఆశ్రయించారు. వానకు లొంగని చోటును మనిషి పవిత్రమనుకున్నాడని నాకు తోస్తుంది. వంశధార ఒడ్డున శాలిహుండంలో కూడా స్తూపాలు కొండ మీదనే ఉన్నాయి, నది అందుకోలేని ఎత్తున. ఆ శాలిహుండాన్ని 1919లో లోకానికి తెలియజేసినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టి, సవరల భాష నేర్చి, జనం మాటకు గౌరవం తెచ్చిన మహనీయుడు. ఆయన పుట్టిన సీమలోనే నేను "గెడ్డ"ను కొట్టివేశాను!

మైదానంలోనూ మా రైతు నేలను పేరు పెట్టి పిలుస్తాడు. వాన నీరు జారిపోయే మిట్ట ఎర్రనేల గరువు, నీరు చేరే చోటు పల్లం. గరువులో చోడి, పల్లంలో వరి. పల్లానికి పైన కట్ట వేస్తే చెరువు. నాలుగు నెలల వానను పన్నెండు నెలలకు సర్దుకునే ఉపాయమది.

సముద్రం దగ్గరికి వచ్చేసరికి గాలి అధికారం మొదలవుతుంది. భీమునిపట్నం దగ్గరి ఎర్రమట్టి దిబ్బలు ఇందుకు గొప్ప సాక్ష్యం. హిమయుగంలో, సుమారు 20 వేల ఏళ్ళ కిందట, ప్రపంచమంతటా నీరు మంచుగా బిగుసుకొని సముద్రమట్టం నేటికంటే నూరు మీటర్లకు పైగా దిగిపోయింది. అటువంటి కాలాలలో బయటపడిన తీరపు ఇసుకను గాలి ఎగరవేసి దిబ్బలుగా పేర్చింది. తరువాతి తడి కాలాలలో ఇసుకరేణువులకు ఇనుపతుప్పు పూత పట్టింది. ఆపై కుండపోత వానలు వాటిని కోసి లోతైన గండ్లు చేశాయి. తమిళనాడు దక్షిణ తీరంలో తేరి అనే ఎర్రఇసుక దిబ్బలున్నాయి. అక్కడ వాన తక్కువ, కనుక నేటికీ గాలిదే రాజ్యం. ఇక్కడ గాలి కట్టినదాన్ని వాన చెక్కుతోంది. ఈ దిబ్బలను 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు.

అంత కీర్తి రాని రూపం ఒకటి మా శ్రీకాకుళం తీరంలో ఉంది. సోంపేట వైపు కొండలు సముద్రానికి బాగా దగ్గర. అలలూ గాలీ కలిసి ఒడ్డు పొడవునా ఇసుకగట్టు వేస్తాయి. కొండల నుండి దిగిన వాననీరు ఆ గట్టుకు తగిలి సముద్రంలోకి సులువుగా పోలేక వెనుక పల్లంలో నిలిచిపోతుంది. అదే బీల. నౌపడా ప్రాంతంలో సముద్రపు పోటు కూడా వచ్చి కలిసే పర్రనేలను తంపర అంటారు. ఎండలు ముదిరితే అక్కడి మడులలో ఉప్పు పండుతుంది, వాన పడితే ఉప్పు పని ఆగిపోతుంది. దగ్గరలోని తేలినీలాపురానికి శీతకాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు వస్తాయి. బీల నీటితో వరి, బీల చేపతో కూర, బీల గడ్డితో పశువుల మేత. ఒడ్డున ఇసుకనేలలో కొబ్బరి, జీడి, పనస తోటలతో ఉద్దానం.

కానీ ఈ నేల కాగితాల మీద బీడుగా, పనికిరాని భూమిగా కనిపించింది. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాలు తలపెట్టారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో, ఎదురుతిరిగిన పల్లెజనం మీద పోలీసు కాల్పులు జరిగి మనుషులు ప్రాణాలు కోల్పోయారు. సోంపేట కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని కాల్పులు జరిగిన రోజునే అప్పీలు సంస్థ రద్దు చేసింది. ఆ జనం వద్ద శాస్త్రగ్రంథాలు లేవు. బీల అన్న మాట ఉంది. బీల అంటే బీడు కాదని వారికి తెలుసు. ఒక్క మాట అర్థం తెలియకపోవడం ఎంత దూరం తీసుకుపోగలదో మాష్టర్లమైన మాకు అది పాఠం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. తరతరాల కొబ్బరి, జీడి తోటలు తెల్లవారేసరికి నేలకూలాయి. ఆ చెట్లు తోటలు మాత్రమే కావు, ఇసుకను పట్టి ఉంచిన వేళ్ళు. సముద్రం వేడెక్కుతున్న ఈ కాలంలో తుఫానుల ఉద్ధృతి పెరుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అంటే మన నేల రూపం కట్టుబడి ముగిసిన గ్రంథం కాదు, ఇంకా రాయబడుతూనే ఉంది. రాసే చేయి వేగం పెంచింది, ఆ వేగంలో మన చేయీ ఉంది.

నేను చెప్పదలచినది ఇంతే. మన పూర్వులు వాననూ గాలినీ కనిపెట్టి చూసి నేలకు పేర్లు పెట్టారు. గెడ్డ అంటే ఇల్లు కట్టవద్దని, గరువు అంటే వరి వేయవద్దని, బీల అంటే పూడ్చవద్దని ఆ పేర్లలోనే హితవు ఉంది. శాసనాలను రాతి మీద చదువుతాం, వీటిని నోటి మీద చదవాలి. మీ ఊరి పెద్దలను అడిగి ఏ చోటును ఏమంటారో, ఎందుకంటారో రాసిపెట్టుకోండి.

ఆ కుర్రవాడు ఇప్పుడు ఎక్కడున్నాడో నాకు తెలియదు. కనబడితే ఆ కాగితం మళ్ళీ అడిగి, నా ఎర్రసిరా గీతను చెరిపి, పక్కన "సరి" అని రాసి ఇస్తాను.