శత్రువు శరీరి కానప్పుడు: చర్చిల్, బిషప్ బెల్, బ్రిటన్ యుద్ధకాల ప్రసంగాలు

1940 మే 19 త్రిత్వ ఆదివారం. ప్రధానమంత్రి హోదాలో విన్‌స్టన్ చర్చిల్ తొలిసారి రేడియోలో మాట్లాడింది ఆ రోజే. ఫ్రాన్స్‌లో జర్మన్ ట్యాంకులు దూసుకొస్తున్న వేళ, తన ప్రసంగాన్ని మక్కబీయుల గ్రంథంలోని మాటలతో ముగించారు. దేవాలయాన్ని అపవిత్రం చేసిన రాజు సేనలపై యూదులు కత్తి పట్టిన కథ అది. జూన్ 18న పార్లమెంటులో, రాబోయే పోరు మీదే క్రైస్తవ నాగరికత మనుగడ ఆధారపడి ఉందన్నారు. మధ్యలో మే 26న రాజు ఆరవ జార్జి పిలుపు మేరకు దేశమంతటా ప్రార్థనా దినం జరిగింది. డంకర్క్ నుంచి సేనల తరలింపు మొదలైందీ ఆ సాయంత్రమే.

చర్చిల్ క్రమం తప్పక చర్చికి వెళ్లే భక్తుడు కారు. అంతమాత్రాన ఆ భాషను వట్టి ప్రచారమని తీసిపారేయలేం. నాజీ పాలనను బేరసారాలతో లొంగే మామూలు ప్రత్యర్థిగా చూసినందుకు 1938లో మ్యూనిక్‌లో ఏం జరిగిందో అందరూ చూశారు. చెడును చెడు అని పిలవగలగడం యుద్ధకాల నాయకత్వంలో ఒక సుగుణమే. అయితే ఆ పిలుపుకు క్రైస్తవ సంప్రదాయంలో ఒక షరతు ఉంది. ప్రసంగాల్లో తరచూ జారిపోయింది ఆ షరతే.

ఎఫెసీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయం విశ్వాసికి సర్వాంగ కవచం తొడుగుతుంది. డాలు, శిరస్త్రాణం, ఖడ్గం అన్నీ ఉన్నాయక్కడ. కానీ ఆ ఆయుధాల పట్టిక కంటే ముందే, ఈ పోరాటం మనుషుల మీద కాదని, చీకటి శక్తుల మీద అని స్పష్టం చేస్తుంది. ఆంగ్లికన్ ప్రార్థనా గ్రంథం బాప్తిస్మం పొందిన పసిబిడ్డను సైతం క్రీస్తు సైనికుడిగా లెక్కిస్తుంది. పాపం, లోకం, సాతాను ఆ సైనికుడి శత్రువులు. మన తెలుగు సంఘాల ఉపవాస ప్రార్థనల్లో వినిపించే ‘ఆత్మీయ పోరాటం’ కూడా ఈ అర్థంలోనిదే. అంటే ఈ పోరాట భావనలో రెండు సగాలున్నాయి: చెడుతో రాజీ పడరాదు, ఆ చెడును ఒక జనం మొత్తానికి అంటగట్టరాదు.

1941 ఆగస్టు 10న న్యూఫౌండ్‌లాండ్ తీరాన, ప్రిన్స్ ఆఫ్ వేల్స్ యుద్ధనౌక మీద, చర్చిల్, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కలిసి ఆరాధనలో పాల్గొన్నారు. పఠనం యెహోషువ గ్రంథం నుంచి. చర్చిల్ ఎంచుకున్న కీర్తనల్లో ఒకటి ‘ఆన్‌వర్డ్ క్రిస్టియన్ సోల్జర్స్’. బేరింగ్-గూల్డ్ దాన్ని పిల్లల ఊరేగింపు కోసం రాశారు. నౌక ఫిరంగుల నీడలో ఆ కీర్తన అర్థం మారకుండా ఎలా ఉంటుంది?

రెండో సగాన్ని వదలని వ్యక్తి చిచెస్టర్ బిషప్ జార్జ్ బెల్. ఆయన యుద్ధ వ్యతిరేకి కారు; హిట్లర్ ఓడాలనే కోరుకున్నారు. పాస్టర్ డీట్రిచ్ బాన్‌హోఫర్ ద్వారా జర్మన్ ప్రతిఘటనను దగ్గరగా ఎరిగినవారు. 1942లో స్వీడన్‌లో బాన్‌హోఫర్ చెప్పిన, హిట్లర్‌పై కుట్ర పన్నుతున్నవారి పేర్లను విదేశాంగ మంత్రి ఈడెన్‌కు చేరవేశారు. ఈడెన్ స్పందించడానికి నిరాకరించారు. 1943 మార్చిలో ప్రభువుల సభలో, హిట్లర్ రాజ్యాన్నీ జర్మన్ ప్రజలనూ వేరుగా చూస్తారా అని బెల్ ప్రభుత్వాన్ని నిలదీస్తే, లార్డ్ ఛాన్సలర్ సైమన్ చూస్తామనే జవాబిచ్చారు. జూలైలో జర్మన్ నగరం హాంబర్గ్ మీద బ్రిటిష్ బాంబుల తుపాను విరుచుకుపడి సుమారు 40,000 మంది చనిపోయారు. మాటలో ఒప్పుకున్న తేడా, ఆకాశం నుంచి చూస్తే కనిపించలేదన్నమాట.

1944 ఫిబ్రవరి 9న బెల్ మళ్లీ లేచారు. కర్మాగారాల మీద, సైనిక స్థావరాల మీద దాడులను ఆయన కాదనలేదు. ఒక నగరాన్ని నగరంగా తుడిచిపెట్టడానికి ఏ న్యాయం ఉందని అడిగారు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ విలియం టెంపుల్ ఆయనకు తోడు నిలవలేదు. టెంపుల్‌ను పిరికివాడనలేం: యుద్ధాన్ని అంగీకరించాక దాన్ని గెలిచే మార్గాన్నీ మోయాలన్నది ఆయన వాదనకు మూలం, అది తేలిగ్గా కొట్టేయదగింది కాదు. బెల్ వైపూ ఒక బలహీనత ఉంది. జర్మన్ ప్రతిఘటన శక్తిని ఆయన కాస్త ఎక్కువగానే అంచనా వేశారని నాకు అనిపిస్తుంది. కానీ ఆయన ప్రశ్న ఆ అంచనా మీద నిలబడింది కాదు. జర్మనీలో ప్రతిఘటించేవాడు ఒక్కడూ లేకపోయినా హాంబర్గ్ పసిపిల్లలు చీకటి శక్తులు కారు.

ఈ ప్రసంగం వల్లే 1944 చివర్లో టెంపుల్ మరణించాక బెల్‌కు కాంటర్‌బరీ దక్కలేదని తరచూ అంటారు. నియామకాలకు కారణాలు ఒకటికి మించి ఉంటాయి. పైగా ఈ చర్చ అసలు విషయాన్ని ఒక పదవి కథగా కుదించేస్తుంది. అంతకంటే గమనించదగింది మరొకటి. జెనీవా ఒప్పందాలకు 1977లో చేర్చిన మొదటి అదనపు ప్రోటోకాల్, 51వ అధికరణంలో, ఒక నగరంలో విడివిడిగా ఉన్న సైనిక లక్ష్యాలన్నిటినీ ఒకే లక్ష్యంగా లెక్కగట్టి బాంబులు వేయడాన్ని నిషేధించింది. అందులో సాతాను లేడు, కవచం లేదు. బెల్ అడిగిన తేడా మాత్రం ఉంది.