రోటరీ చక్రం, అలీగఢ్ గల్లీ



మా ఊళ్లోకి వచ్చే రోడ్డు పక్కన నీలం, పసుపు రంగుల్లో పళ్లచక్రం బొమ్మతో ఒక బోర్డు ఉండేది. చిన్నప్పుడు అబ్బాను అడిగాను. "రోటరీ క్లబ్ బేటా. పెద్దోళ్ల షౌఖ్. మనకు తాల్లుఖ్ లేదు" అన్నారు. మొహల్లాలో కొందరు బుజుర్గులకు అంతకన్నా గట్టి షక్. ఇదంతా ఫ్రీమేసన్ల పర్దా అని వాళ్ల యకీన్. ఆ షక్ మన దగ్గరే పుట్టిందని చాలా ఏళ్లు అనుకున్నాను. తర్వాత తెలిసింది, 1951లో వాటికన్ కూడా పాదరీలు రోటరీలో చేరకూడదని హుకుం జారీ చేసింది. అంతకు ముందే 1937లో హిట్లర్ జర్మనీలో ఈ క్లబ్బులు మూతబడ్డాయి. అంటే దీన్ని అనుమానించినవాళ్లలో అన్ని రకాల వాళ్లూ ఉన్నారు!

అసలు తారీఖ్ చూస్తే భయపడేంత ఏమీ కనపడదు. వెర్మాంట్ రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో పెరిగిన పాల్ హారిస్ అనే వకీలు చికాగో చేరాడు. అంత పెద్ద షహర్‌లో దోస్తులు లేక తన్‌హాయీ. 1905 ఫిబ్రవరి 23న ఒక బొగ్గు వ్యాపారి, ఒక గనుల ఇంజనీరు, ఒక దర్జీ, తను కలిసి కూర్చున్నారు. ఒక్కోసారి ఒక్కొక్కరి దఫ్తర్‌లో, వంతుల ప్రకారం. ఆ తిరగడం నుంచే రోటరీ అన్న పేరు. ఖిద్మత్ అనే మాట తర్వాత వచ్చి చేరింది. మొదట కావాల్సింది దోస్తీయే.

మన దేశంలో మొదటి క్లబ్ 1919లో కలకత్తాలో పెట్టారు. అప్పట్లో అది దొరల మజ్లిస్. అదే కలకత్తా నుంచి నితీశ్ లాహిరీ 1962లో మొత్తం ప్రపంచ రోటరీకి సదర్ అయ్యారు. ఆసియా నుంచి ఆ కుర్సీలో కూర్చున్న మొదటి మనిషి ఆయనే. ఆ ఏడాదే బడి పిల్లల కోసం ఇంటరాక్ట్ క్లబ్బులు మొదలయ్యాయి. మొదటిది అమెరికాలో ఫ్లోరిడాలో, రెండోది మన తంజావూరులో.

1965లో గ్రూప్ స్టడీ ఎక్స్చేంజ్ వచ్చింది. నాకు బాగా నచ్చేది ఇదే. రోటరీ సభ్యులు కాని యువ ఉద్యోగులను నలుగురైదుగురిని ఒక జట్టుగా ఇంకో దేశం పంపేవారు. నాలుగు నుంచి ఆరు వారాలు. బస హోటల్లో కాదు, అక్కడివాళ్ల ఇళ్లల్లో. టీచరైతే అక్కడి బడి, డాక్టరైతే అక్కడి ఆసుపత్రి చూడాలి. తర్వాత అటునుంచి ఇంకో జట్టు మన దగ్గరికి. ఒకే దస్తర్‌ఖాన్ దగ్గర నెల రోజులు తిన్న మనిషిని దుష్మన్ అనుకోవడం కష్టం కదా. కాకపోతే ఆ మెహమాన్లు దిగేది పెద్ద బంగళాల్లోనే. మా మొహల్లా దాకా ఎవరూ రాలేదు. ఆడవాళ్ల సంగతి ఇంకా అన్యాయం. అమెరికా సుప్రీంకోర్టు 1987లో తీర్పు చెప్పాక, 1989లో గానీ ప్రపంచమంతటా వాళ్లకు క్లబ్బుల్లో సభ్యత్వం దొరకలేదు.

మా గల్లీల దాకా వాళ్లను తెచ్చింది పోలియో. 1979లో ఫిలిప్పీన్స్‌లో 60 లక్షల మంది పిల్లలకు చుక్కలు వేయించే పని రోటరీ నెత్తిన వేసుకుంది. 1985లో దాన్ని దునియా మొత్తానికి విస్తరించింది. 12 కోట్ల డాలర్లు చందా వసూలు చేయాలనుకుంటే, మూడేళ్లలో 24 కోట్లు దాటింది.

నేను అలీగఢ్ చదువుకు వెళ్లింది 2002లో. ఆ ఏడాది దేశంలో 1,600 పోలియో కేసులు. అందులో 1,242 ఒక్క ఉత్తరప్రదేశ్‌లోనే. మన గల్లీల్లో అఫ్వా ఒకటే: చుక్కలు వేస్తే పిల్లలకు రేపు ఔలాద్ ఉండదని. జాహిల్ మాట అని నవ్వేయకండి. 1976లో ఎమర్జెన్సీ నస్‌బందీ చూసినవాళ్లు ఆ గల్లీల్లోనే ఉన్నారు. సర్కారు మనుషులు తలుపు కొడితే వాళ్ల గుండె ఎలా కొట్టుకుంటుందో అడగాలి.

ఒక ఆదివారం ఇద్దరు గోరావాళ్లు చుక్కల పెట్టె పట్టుకుని మా గల్లీకి వచ్చారు. సొంత ఖర్చుతో వచ్చిన రోటరీ సభ్యులట. మేము గది తీసుకున్న ఇంటి ఖాలా గుమ్మంలో నిలబడి అడిగింది: "నాలా కంపు కొడుతోంది. మనవడికి జ్వరం వస్తే గోలీ ఇచ్చే దిక్కు లేదు. ఈ రెండు చుక్కల కోసం సముందర్ దాటి వచ్చారా?" నేనే తర్జుమా చేయాల్సి వచ్చింది. ముసలాయన విని తల ఊపాడు. జవాబు లేదు. ఖాలా తలుపు వేసుకుంది. తలుపు మీద సుద్దతో X పడింది.

ఆ X తుడిచింది వాళ్లు కాదు. తర్వాతి ఏళ్లలో రోటరీ వాళ్లు ఉలమాతో కమిటీ వేశారు. అలీగఢ్, జామియా యూనివర్సిటీల వాళ్లు ఇళ్లిళ్లూ తిరిగారు. జుమా రోజు ఇమాం సాబులు ఎలాన్ చేశారు. మా గల్లీలో ఇమాం సాబ్ ముందు తన మనవడి నోట్లోనే వేయించి, వేలి మీద సిరా గుర్తు అందరికీ చూపించారు. సముందర్ దాటి వచ్చిన దోస్తీకి గల్లీ మనిషి జమానత్ కావాల్సి వచ్చింది.

ఇక్కడ నా తప్పు కూడా ఒప్పుకోవాలి. ఆ అఫ్వాను నేనూ నమ్మాను. యూనివర్సిటీలో చదువుతూ కూడా! ఊళ్లో ఉన్న ఆపాకు ఫోన్ చేసి, పాపకు చుక్కలు వేయించొద్దని ఖసమ్ పెట్టాను.

2009లో దేశంలో 741 కేసులు, 2010లో 42, 2011లో ఒక్కటి. హౌరాలో ఒక చిన్న పాప. ఆ తర్వాత లేదు. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదన్న సర్టిఫికెట్ వచ్చింది. పాకిస్తాన్‌లో మాత్రం ఇంకా ఉంది. అక్కడ చుక్కలు వేసే ఆడపిల్లలను కాల్చి చంపారు. అబొట్టాబాద్‌లో సీఐఏ టీకాల నాటకం ఆడించిన సంగతి బయటపడ్డాక ఆ భరోసా ఇంకా చెడింది.

ఆ సర్టిఫికెట్ వార్త టీవీలో చూసి ఆపాకు ఫోన్ చేశాను. సిగ్గుపడుతూ పాత మాట ఎత్తాను. ఆపా పకపకా నవ్వింది.

"నువ్వు ఫోన్ పెట్టేసిన ఆదివారమే వేయించాను. తర్వాత ప్రతిసారీ వేయించాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఫోన్లో ఇంకో తక్రీర్ ఇచ్చేవాడివి. అప్పట్లో ఎస్టీడీ బిల్లు ఎంతయ్యేదో గుర్తుందా?"