ఆర్థర్ వార్టన్: తొలి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్

ప్రపంచంలో తొలి నల్లజాతి ప్రొఫెషనల్ ఫుట్‌బాలర్‌గా చరిత్రకారులు ఎక్కువమంది గుర్తించే పేరు ఆర్థర్ వార్టన్. 1889లో ఇంగ్లండ్‌లోని రాథరమ్ టౌన్ క్లబ్‌లో జీతానికి గోల్‌కీపర్‌గా చేరాడు. 1930లో చనిపోయాడు. ఆయన సమాధి మీద పేరున్న రాయి పడింది మాత్రం 1997లో. దేశానికి తెలిసిన ఆటగాడు అరవై ఏడేళ్లపాటు పేరు లేని గుంతలో ఎందుకు ఉండిపోయాడు? ఆయన తొలినాళ్ల ఆటను చూస్తే ఈ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

పుట్టుక, చదువు

వార్టన్ 1865 అక్టోబర్ 28న అక్రా నగరంలోని జేమ్స్‌టౌన్‌లో పుట్టాడు. అది అప్పట్లో గోల్డ్ కోస్ట్ అనే బ్రిటిష్ వలస, నేటి ఘనా. తండ్రి హెన్రీ వార్టన్ కరీబియన్ దీవి గ్రెనడా నుంచి వచ్చిన మెథడిస్ట్ మిషనరీ. తల్లి వైపు వారు ఫాంటీ రాజకుటుంబానికి బంధువులు. కొడుకు కూడా మిషనరీయో, ఉపాధ్యాయుడో కావాలని కుటుంబం అనుకుంది. అందుకే 1880ల మొదట్లో ఇంగ్లండ్ పంపింది. 1884లో డార్లింగ్టన్ పట్టణంలోని క్లీవ్‌లాండ్ కాలేజీలో చేరాడు.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. వార్టన్ నిరుపేద కాదు. చదువు ఉంది, పాలకుల మతమే ఆయన మతం, వాళ్ల భాషే ఆయన భాష. ‘చదువుకుంటే, మతం మారితే వివక్ష దానంతటదే పోతుంది’ అని మనకు ఎప్పుడూ చెప్పేవాళ్లున్నారు. వాళ్లు ఆయన జీవితం చదవాలి.

పరుగు పందెంలో చాంపియన్

డార్లింగ్టన్‌లో పుస్తకాల కంటే మైదానమే ఆయన్ను పట్టుకుంది. 1886 జూలైలో లండన్ స్టాంఫర్డ్ బ్రిడ్జ్‌లో ఇంగ్లండ్ జాతీయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. 100 గజాల పందెంలో సరిగ్గా 10 సెకన్లలో గీత దాటి వార్టన్ గెలిచాడు. మరుసటి ఏడాది కూడా ఆ టైటిల్ ఆయనదే. అప్పటికి ఆయన వయసు 21.

అదే సమయంలో డార్లింగ్టన్ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడుతున్నాడు. అక్కడి ఆట చూసి, ఉత్తర ఇంగ్లండ్‌లో బలమైన జట్టు ప్రెస్టన్ నార్త్ ఎండ్ పిలిచింది. 1886–87 సీజన్‌లో ఆ జట్టు ఎఫ్.ఏ. కప్ సెమీఫైనల్ దాకా వెళ్లి, వెస్ట్ బ్రామ్‌విచ్ ఆల్బియన్ చేతిలో 3–1 తేడాతో ఓడింది. 1888లో వార్టన్ పరుగు మీద దృష్టి పెట్టడానికి ప్రెస్టన్‌ను వదిలాడు. సరిగ్గా ఆ తర్వాతి సీజన్‌లోనే కొత్తగా మొదలైన ఫుట్‌బాల్ లీగ్‌లో ప్రెస్టన్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా విజేతగా నిలిచింది, ఎఫ్.ఏ. కప్పూ గెలిచింది.

గోల్ ముందు ఆయన తీరు

అప్పటి గోల్‌కీపర్‌కు ఇప్పటి రక్షణ లేదు. ప్రత్యర్థి ఫార్వర్డ్‌లు భుజంతో గుద్ది పడేయవచ్చు. దానికి వార్టన్ తనదైన పద్ధతి కనిపెట్టాడు. గోల్ మూలన ఒదిగి కూర్చుని, చివరి క్షణంలో దూకేవాడు. ఒకసారి క్రాస్‌బార్ పట్టుకుని వేలాడుతూ బంతిని కాళ్ల మధ్య పట్టేశాడని, దూసుకొచ్చిన ముగ్గురు ఫార్వర్డ్‌లు వెళ్లి వలలో పడ్డారని 1942లో ఒక ప్రేక్షకుడు షెఫీల్డ్ పత్రికకు ఉత్తరం రాశాడు. జనం ఆయన ఆటను అన్నేళ్లు గుర్తుపెట్టుకున్నారు.

కొన్ని పత్రికలు మాత్రం వేరే రకంగా చూశాయి. 1887 నవంబర్‌లో ఒక క్రీడా పత్రిక, గోల్ ముందు చిలిపి చేష్టలు పనికిరావని ఈ నల్లవాడి మందబుర్రకు ఎక్కదా అన్న ధోరణిలో రాసింది. అదే సాహసం తెల్ల ఆటగాడు చేస్తే అతని ఆట గురించి మాట్లాడేవారు. వార్టన్ చేస్తే ఆయన రంగు గురించి మాట్లాడారు.

జీతం అంటే చిన్నచూపు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1885 జూలై దాకా డబ్బు తీసుకుని ఆడటాన్ని ఒప్పుకోలేదు. ఆటను ఆనందం కోసం ఆడాలనేది పెద్దింటి వాళ్ల సూత్రం. ఇంట్లో ఆస్తి ఉన్నవాడికి ఆ సూత్రం చెప్పడం తేలిక. గనిలో, మిల్లులో కూలి పోగొట్టుకుని వచ్చేవాడికి జీతం లేకపోతే ఆటే లేదు. అమెచ్యూర్ గౌరవం పేరుతో నడిచింది నిజానికి వర్గ వడపోత.

వార్టన్ కంటే ముందే ఆండ్రూ వాట్సన్ అనే నల్లజాతి ఆటగాడు 1881లో స్కాట్లాండ్ జట్టుకు కెప్టెన్‌గా ఇంగ్లండ్‌ను 6–1తో ఓడించాడు. కానీ ఆయన్ను అమెచ్యూర్‌గానే లెక్కిస్తారు. వార్టన్ ప్రత్యేకత ఆట తన బతుకుతెరువని ప్రకటించుకోవడంలో ఉంది. 1888లో షెఫీల్డ్‌లో డబ్బుకు పరుగెత్తాడు, 1889లో రాథరమ్ టౌన్‌లో చేరాడు. 1894లో షెఫీల్డ్ యునైటెడ్‌కు మారాడు. అక్కడ ప్రధాన గోల్‌కీపర్ విలియం ఫౌక్ కావడంతో అవకాశాలు కొన్నే వచ్చాయి. అయినా 1895లో సండర్లాండ్ మీద ఆడి, ఇంగ్లండ్ అగ్రశ్రేణి డివిజన్‌లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడయ్యాడు.

మన దగ్గరి పోలిక

ఇది చదువుతుంటే మనకు పల్వంకర్ బాలు గుర్తుకొస్తాడు. చమార్ కులంలో పుట్టిన ఈ ఎడమచేతి స్పిన్నర్ పూణేలో మైదానం పనికి కూలికి చేరి, తెల్ల అధికారులకు బంతులు వేసి ఆట నేర్చాడు. 1911 ఇంగ్లండ్ పర్యటనలో 114 వికెట్లు తీశాడు. అతని బంతి కావాలనుకున్న సవర్ణ జట్టు, టీ మాత్రం బయట మట్టి ముంతలో ఇచ్చింది. హిందూ జట్టు కెప్టెన్సీ ఆయనకు దక్కనే లేదు. నైపుణ్యాన్ని వాడుకోవడం, మనిషిని పక్కన పెట్టడం రెండు దేశాల్లోనూ ఒకేసారి జరిగాయి.

ఆ తర్వాత

వార్టన్ 1902 దాకా చిన్న క్లబ్‌లలో ఆడాడు. ఆ తర్వాత యార్క్‌షైర్ బొగ్గు గనుల్లో పనిచేశాడు. 1930 డిసెంబర్ 13న చనిపోయాక ఎడ్లింగ్టన్‌లో పేదల సమాధిలో పూడ్చారు. షెఫీల్డ్‌లోని ‘ఫుట్‌బాల్ యునైట్స్, రేసిజం డివైడ్స్’ అనే జాతి వివక్ష వ్యతిరేక సంస్థ పూనుకోవడంతో 1997లో సమాధికి రాయి వచ్చింది. 2003లో ఇంగ్లండ్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో పేరు చేరింది. 2014లో జాతీయ ఫుట్‌బాల్ కేంద్రం సెయింట్ జార్జెస్ పార్క్‌లో విగ్రహం నిలిచింది.

ఈ గుర్తింపు దానంతటది రాలేదు. పాత పత్రికలు తిరగేసినవాళ్లు, చందాలు పోగేసినవాళ్లు ఉన్నారు కాబట్టి వచ్చింది. మన వాడల్లో, తండాల్లో జిల్లా జట్టుకు, రాష్ట్ర జట్టుకు ఆడి, ఆ తర్వాత కూలికి పోయినవాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లు బతికుండగానే వాళ్ల మాటలు, సర్టిఫికెట్లు, ఫొటోలు మనం భద్రపరచాలి. ఆ పని మన విద్యార్థులు ఈ సెలవుల్లోనే మొదలుపెట్టవచ్చు.