అట్టపెట్టెల్లోంచి పుట్టిన పుస్తకాలు

ఆర్టిస్టులు చేత్తో తయారుచేసే ప్రయోగాత్మక పుస్తకాలంటే నాకు కొంచెం అనుమానమే. పాత టిక్కెట్లూ, గుడ్డపీలికలూ, తుప్పుపట్టిన మేకులూ కలిపి కుట్టి గాజు బీరువాలో పెడితే దాన్ని పుస్తకం అనాలా, బొమ్మ అనాలా? చదవడానికి పనికిరాని పుస్తకం ఎవరికోసం? అయితే దొరికిన వస్తువుల్తోనే పుస్తకాలు చేసి, వాటిని జనం చేత చదివించినవాళ్ళు కూడా ఉన్నారు. అర్జెంటీనాలోని ఎలోయిసా కార్తోనేరా కథ అదే.

1991 నుంచి అర్జెంటీనాలో ఒక పేసోకి ఒక డాలర్ అని చట్టం పెట్టి నడిపించారు. 2001 డిసెంబరుకి ఆ బండి బోల్తా కొట్టింది. బ్యాంకులోంచి సొంత డబ్బు తీసుకోడానికి కూడా పరిమితి పెట్టారు. జనం గిన్నెలూ గరిటెలూ మోగిస్తూ రోడ్లెక్కారు. అధ్యక్షుడు దె లా రువా రాజీనామా చేసి హెలికాప్టర్లో వెళ్ళిపోయాడు. 2002లో నిరుద్యోగం 20 శాతం దాటింది.

పేసో విలువ పడిపోయేసరికి దిగుమతి కాగితం ప్రియమైంది, దాంతో పాత అట్టకి గిరాకీ వచ్చింది. పని పోయినవాళ్ళు వేలల్లో, సాయంత్రమయ్యేసరికి తోపుడుబళ్ళు తోసుకుంటూ బ్యూనస్ ఎయిర్స్ వీధుల్లో అట్టలేరుకునేవాళ్ళు. స్పానిష్‌లో అట్టని కార్తోన్ అంటారు. అలా వీళ్ళకి కార్తోనేరోలని పేరొచ్చింది. ఇంకో విడ్డూరం... 1977లో, సైనిక పాలనలో పెట్టిన నిబంధన ప్రకారం వీధిలో చెత్త ఏరుకోవడం నిషిద్ధం. 2002 చివర్లో నగరం కొత్త చట్టం చేసేదాకా ఈ పని చట్టవిరుద్ధమే!

2003లో వాషింగ్టన్ కుకుర్తో అనే కలంపేరుతో రాసే కవి, హవియెర్ బరిలారో, ఫెర్నాందా లగూనా అనే ఇద్దరు కళాకారులతో కలిసి ఈ సంస్థ మొదలుపెట్టాడు. పద్ధతి చాలా సింపుల్. కార్తోనేరోల దగ్గర అట్టపెట్టెలు కొనాలి, సైజుకి కోసి మధ్యకి మడవాలి, రంగులతో పేరు రాసి బొమ్మ వెయ్యాలి, లోపల జిరాక్స్ కాగితాలు అతికించాలి. అంతే. ఏ రెండు అట్టలూ ఒకేలా ఉండవు. అట్ట లోపలివైపు పాత పెట్టె మీది అచ్చు అక్షరాలు అలాగే కనిపిస్తుంటాయి. రికార్దో పిగ్లియా, సెసార్ ఐరా లాంటి పేరున్న రచయితలు తమ రచనలు ఉచితంగా ఇచ్చారు.

నన్ను ఆకట్టుకున్నది రంగులు కాదు, లెక్క. అప్పట్లో బజార్లో కిలో అట్ట 30 సెంటావోలు పలికితే వీళ్ళు ఒకటిన్నర పేసో ఇచ్చారు. అంటే అయిదు రెట్లు! ముడిసరుకు ఎంత చవగ్గా కొంటే అంత తెలివి అని మనం రోజూ వినే వ్యాపార సూత్రానికి ఇది పూర్తిగా తలకిందులు. పైగా అట్టలేరుకునే కుటుంబాల పిల్లల్నే పిలిచి, కూలిచ్చి, అట్టలు కోయించి రంగులు వేయించారు. నా దృష్టిలో అసలు ప్రయోగం ఇక్కడుంది. దొరికిన వస్తువుని కళగా మార్చినవాళ్ళు చాలామందే ఉన్నారు. దాన్ని ఏరి తెచ్చినవాడి సంగతేంటని అడిగినవాళ్ళు తక్కువ.

ఇంకో సంగతి మన ఫీల్డువాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. ఈ ఐడియా ఓపెన్ సోర్స్ కోడ్‌లా పాకింది. 2004లో పెరూ రాజధాని లీమాలో సరీతా కార్తోనేరా, 2007లో బ్రెజిల్లోని సావోపాలోలో దుల్సినేయా కతదోరా వచ్చాయి. ఒక్కొక్కరూ తమ ఊరి అవసరానికి తగ్గట్టు మార్చుకున్నారు. లాటిన్ అమెరికా అంతటా ఇలాంటివి పదుల్లో పుట్టాయి.

దీనివల్ల అర్జెంటీనా పేదరికం తీరిందా అంటే, లేదు. సహకార సంఘంగా మారిన ఎలోయిసాలో పని దొరికింది కొద్దిమందికే. 2012లో నెదర్లాండ్స్‌వాళ్ళ ప్రిన్స్ క్లాజ్ అవార్డు వచ్చినా అది చిన్న సంస్థే. ఇక విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం లాంటిచోట్ల ఈ అట్టపుస్తకాల్ని అపురూపంగా సేకరించి దాస్తున్నారు. అంటే ఇవీ చివరికి బీరువా ఎక్కుతున్నాయన్నమాట :-)

ఎక్కనివ్వండి. బీరువాలోకి చేరేముందు అవి ఒక తోపుడుబండివాడికి అయిదు రెట్లు ధర ఇప్పించాయి, ఒక పాఠకుడికి చవగ్గా మంచి కథ ఇచ్చాయి. ఆర్ట్ పుస్తకం అని ఎవరైనా ఏదైనా చూపిస్తే ఇకనుంచీ నేను అడగబోయే మొదటి ప్రశ్న ఒకటే... ఇందులో వాడిన సరుకు ఎవరు ఏరారు, వాళ్ళకి ఎంత ముట్టింది?