తెలుగు లిపి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్: పెట్టుబడుల చరిత్ర

తెలుగు అక్షరాలను తెరమీద చూపించే ఓపెన్ సోర్స్ ఖతులు, ఉపకరణాలలో చాలా భాగం నేడు ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకుని వాడుకోగలిగినవే. వాటి తయారీకి మాత్రం ఎవరో ఒకరు ఖర్చు భరించారు. తొలి దశలో ఆ భారం వ్యక్తులది. 2000 తర్వాత, ఆ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన కంపెనీలూ సంఘాలూ కొంత భాగం మోయడం మొదలుపెట్టాయి.

1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. అది అక్షరాలకు సంఖ్యలు ఇచ్చిందే తప్ప రూపం ఇవ్వలేదు. 'స్త్రీ' అనే ఒక్క అక్షరం కంప్యూటరుకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. వాటిని కలిపి ఒత్తులనూ గుణింతాన్నీ సరైన చోట కూర్చడానికి రెండు కావాలి: ఆ రూపాలన్నీ ఉన్న ఖతి, ఆ కూర్పు చేసే సాఫ్ట్‌వేర్. రెండూ నెలల తరబడి నిపుణుల శ్రమ కోరేవే.

వ్యక్తుల కాలం

1990ల మొదట్లో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో ఉన్న తెలుగువారు ఇంగ్లిషు కీబోర్డుతో తెలుగు రాసే ఆర్టీఎస్ పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు చేసిన పోతన2000, వేమన2000 ఖతులు తొలి తరం యూనికోడ్ ఖతుల్లో ముఖ్యమైనవి. తెలుగు బ్లాగర్లకు రాత నేర్పిన లేఖిని అనే వెబ్ ఉపకరణం 2006లో వచ్చింది. వీటి వెనుక జీతం ఇచ్చే సంస్థలేవీ లేవు. తెలుగు కంప్యూటింగు ఈ కొద్దిమంది తీరిక వేళలకు ఎంతగా రుణపడి ఉందో ఇప్పటికీ సరిగా లెక్కకు రాలేదు.

అదే కాలంలో అచ్చు లోకం వేరే దారిలో నడిచింది. ఉస్మానియా ప్రాంగణం చుట్టూ, అడిక్‌మెట్ నుంచి తార్నాక దాకా, పరిశోధక విద్యార్థులు సిద్ధాంత గ్రంథాలు టైపు చేయించుకునే డీటీపీ దుకాణాల్లో పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేరూ 'అను' ఖతులే రాజ్యమేలాయి. అవి కొనుక్కోవలసినవి, పైగా యూనికోడ్‌కు చెందనివి. వాటిలో టైపు చేసిన పాఠ్యం కాగితం మీద చక్కగా వస్తుంది. కానీ మార్పిడి చేయనిదే వెబ్‌లో వెతికితే దొరకదు.

లోహిత్, హార్ఫ్‌బజ్

లినక్స్ అమ్ముకునే రెడ్‌హ్యాట్‌కు భారతీయ భాషల ఖతులు అవసరమయ్యాయి. సొంతంగా గీయించుకుని దాచుకోకుండా, పుణేకు చెందిన మాడ్యులర్ ఇన్ఫోటెక్ చేసిన లోహిత్ ఖతులను 2004లో జీపీఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సుతో విడుదల చేసింది. 2011లో వాటిని ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మార్చింది. లోహిత్ తెలుగు ఫెడోరా, డెబియన్, ఉబుంటు వాడే వారందరికీ చేరింది. ఒక కంపెనీ తన అవసరం కోసం పెట్టిన ఖర్చు భాష మొత్తానికి ఉమ్మడి ఆస్తి అయిన తొలి పెద్ద సందర్భాల్లో ఇది ఒకటి.

కూర్పు పని చేసే హార్ఫ్‌బజ్ కథ ఇంకా పెద్దది. దీన్ని తీర్చిదిద్దిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్ మొదట రెడ్‌హ్యాట్‌లో, తర్వాత గూగుల్‌లో ఉద్యోగిగానే ఈ పని చేశాడు. మొజిల్లా ఇంజినీర్లూ చేయి కలిపారు. ఆండ్రాయిడ్, క్రోమ్, ఫైర్‌ఫాక్స్ దీన్నే వాడతాయి. 2017లో వచ్చిన 5.3 వెర్షనుతో లిబ్రెఆఫీస్ అన్ని వేదికల మీదా దీనికే మారింది. ఈ పద్ధతిలో విరాళం అనే మాటే రాదు. కంపెనీ జీతం ఇస్తుంది, ఫలితం అందరిదీ అవుతుంది. తెలుగుకు అన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది ఈ రకం సహాయమే.

ఇలా అందరిదైన సాఫ్ట్‌వేర్‌కూ ఒక కంపెనీ సొంత సాఫ్ట్‌వేర్‌కూ ఉన్న తేడా 2018 ఫిబ్రవరిలో తెలిసింది. 'జ్ఞా'కు చెందిన ఒక సంకేతాల వరుస కనబడితే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి. ఆపిల్ కూర్పు సాఫ్ట్‌వేర్ ఆ కంపెనీ సొంతం కాబట్టి బయటి తెలుగు ప్రోగ్రామరు ఎవరూ దాన్ని తెరిచి సరిచేసే వీలు లేదు. ఐఓఎస్ 11.2.6తో ఆపిలే దిద్దింది.

గూగుల్ మరికొన్ని పనులకూ ఖర్చు పెట్టింది. నోటో ఖతులు, 2022లో ముంబయికి చెందిన ఎక్ టైప్ తెచ్చిన అనేక్ తెలుగు అందులోవి. బొమ్మలోని అక్షరాలను, తెలుగుతో సహా, గుర్తించే టెసరాక్ట్ ఓసీఆర్ హెచ్‌పీలో పుట్టి, 2005లో ఓపెన్ సోర్స్ అయి, 2006 నుంచి దాదాపు పన్నెండేళ్లు గూగుల్ అండతో పెరిగింది.

సంఘాలు, ప్రచురణకర్తలు

ప్రవాసాంధ్రుల సంస్థ సిలికానాంధ్ర 2010ల తొలి సంవత్సరాల్లో వరుసగా తెలుగు ఖతులను ఓపెన్ ఫాంట్ లైసెన్సుతో అందించింది. గిడుగు, గురజాడ, సురవరం, మండలి, రామభద్ర, పెద్దన, తిమ్మన, ధూర్జటి వంటి పేర్లతో ఇవి వచ్చాయి. వీటిలో మండలి 2013లో పురుషోత్ కుమార్ గుత్తుల గీసినది. అందులోని ఇంగ్లిషు అక్షరాలు వెర్నన్ ఆడమ్స్ చేసిన నునీటో నుంచి వచ్చాయి. ఇలాంటి అరువు ఓపెన్ లైసెన్సు ఉంటేనే సాధ్యం. గూగుల్ ఫాంట్స్‌లో చేరాక ఇవి వెబ్‌సైట్లకూ పెళ్లి శుభలేఖలకూ అందుబాటులోకి వచ్చాయి.

మూర్తి క్లాసికల్ లైబ్రరీ అనే గ్రంథమాల కోసం హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్ చేయించిన అక్షరాల నుంచి టీరో తెలుగు ఖతి పుట్టింది. అదే గ్రంథమాల తొలి విడతలో, 2015లో, పెద్దన మనుచరిత్ర తెలుగు మూలంతో సహా వెలువడింది.

నిర్వహణ ఖర్చు

ఖతి పూర్తయ్యాక కూడా పని మిగులుతుంది. పాత శాసనాల్లో కనిపించే ఴ యూనికోడ్‌లోకి 2014లో, నకారపొల్లు 2021లో చేరాయి. 2013లో ముగించిన ఖతిని మళ్లీ తెరిచి ఎవరో వీటిని గీయాలి. కొత్త ఖతికి ఆవిష్కరణ సభ ఉంటుంది కనుక డబ్బు పుడుతుంది. ఈ మరమ్మతుకు అంత తేలిగ్గా పుట్టదు. ఇది తెలుగుకు మాత్రమే ఉన్న ఇబ్బంది కాదు. 2014లో హార్ట్‌బ్లీడ్ లోపం బయటపడ్డప్పుడు, ఇంటర్నెట్ భద్రతకు ఆధారమైన ఓపెన్‌ఎస్ఎస్ఎల్‌కు ఏటా వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లేనని లోకానికి తెలిసింది. ఆ ఏడాదే లినక్స్ ఫౌండేషన్ పెద్ద కంపెనీల డబ్బుతో ఒక నిధిని ఏర్పాటు చేసింది.

తర్వాత కంపెనీలు సొంత నిధులూ పెట్టాయి. 2019లో ఉద్యోగాల వెబ్‌సైటు ఇండీడ్, 2020లో మైక్రోసాఫ్ట్ తమ ఉద్యోగులే ఓటు వేసి ప్రాజెక్టును ఎంచుకునే పద్ధతి తెచ్చాయి. రెండింటికీ హైదరాబాదులో కార్యాలయాలున్నాయి. భారతదేశంలో చెప్పుకోదగినది బెంగళూరు కంపెనీ జెరోధా 2024 అక్టోబరులో ప్రకటించిన ఫ్లాస్ ఫండ్. ఏటా 10 లక్షల డాలర్లను ప్రపంచంలోని ఏ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకైనా పంచుతామన్నారు. ఒక్కో దానికి 10 వేల నుంచి లక్ష డాలర్ల దాకా ఇస్తారు. అడిగే ప్రాజెక్టు తన అవసరాలను ఫండింగ్.జేసన్ అనే దస్త్రంలో రాసి తన కోడ్ దగ్గరో వెబ్‌సైటులోనో పెట్టాలి. అంటే దరఖాస్తు చేయడానికి ఒక నిర్వాహకుడు ఉండాలి. ఒకసారి విడుదలై, చూసుకునేవారు లేకుండా మిగిలిన ఖతి ఈ నిధి గడప దాకా కూడా రాలేదు.