రొమ్ము క్యాన్సర్: ఆపరేషన్‌కు ముందు కీమోథెరపీ

రొమ్ములోని గడ్డను కోసి తీయకముందే కీమో మందులిచ్చే చికిత్సా పద్ధతి ఇది. గడ్డ పెద్దదై చర్మానికో ఛాతీ గోడకో అంటుకున్నప్పుడు, చంకలో బిళ్లలు కట్టినప్పుడు దీన్ని ఎంచుకుంటారు. హెర్2 పాజిటివ్, ట్రిపుల్ నెగటివ్ రకాల్లో కాస్త చిన్న గడ్డలకూ ఇస్తున్నారు.

దీని ఆరంభం ఎప్పుడన్నదానిపై భిన్నాభిప్రాయాలున్నాయి. 3 సెంటీమీటర్లు, అంతకు పైబడిన గడ్డలున్న 165 మందిపై మిలాన్‌లో బొనడోన్నా బృందం చేసి 1990లో ప్రచురించిన అధ్యయనాన్ని కొందరు మొదటిదంటారు. అదే నగరం నుంచి డి లెనా తదితరుల ఫలితాలు 1978లోనే అచ్చయ్యాయి. అందులో కీమో తర్వాత ఇచ్చింది ప్రధానంగా రేడియేషనే అయినా, ముందు మందు అన్న వరుస అక్కడే కుదిరింది కనుక 1978నే లెక్కలోకి తీసుకోవడం సబబు. రొమ్ము క్యాన్సర్ కీమోలో మిలాన్ వైద్యులు వాడిన మెథోట్రెక్సేట్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన పరిశోధనల ఫలం.

అమెరికాలో 1988లో మొదలైన బి-18 పరీక్షలో 1,523 మందిని రెండు జట్లు చేసి, అవే నాలుగు విడతల మందులను ఒక జట్టుకు ఆపరేషన్‌కు ముందు, రెండో జట్టుకు తర్వాత ఇచ్చారు. బతికినవారి సంఖ్యలో తేడా రాలేదు. రొమ్మును నిలుపుకున్నవారు మాత్రం సుమారు 60 నుంచి 68 శాతానికి పెరిగారు. కాబట్టి ముందు కీమో ఇస్తే ఆయుష్షు పెరుగుతుందని అందరికీ వర్తించేలా చెప్పడం సరికాదు. అసలు లాభం మరొకటి: మందుకు గడ్డ లొంగుతోందో లేదో కళ్లముందే తెలుస్తుంది. ఆపరేషన్‌లో కణాలు మిగిలి కనిపిస్తే, రకాన్నిబట్టి కేపెసిటాబిన్ వంటి మరో మందు కలుపుతారు.

మందు మొదలుపెట్టే ముందు గడ్డలో చిన్న లోహపు క్లిప్ పెడతారు. గడ్డ పూర్తిగా కరిగినా ఆపరేషన్ తప్పదు, ఎక్కడ కోయాలో ఆ క్లిప్పే చూపాలి. చేతికి తగలడం లేదని మధ్యలో మానేస్తే అప్పటిదాకా పడిన శ్రమంతా వృథా. డాక్సోరూబిసిన్ ఎర్రటి మందు, గుండెకు ఎకో తీశాకే నరంలోకి నెమ్మదిగా ఎక్కిస్తారు. ఒకటి రెండు రోజులు మూత్రం ఎర్రగా వస్తుంది, అది రక్తం కాదు.

ఈ చికిత్స పల్లెలకు ఎలా అందుతుందో చూడటానికి బల్మూర్ మండలాన్ని తీసుకుందాం. అది 2016 అక్టోబరు 11న నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. అంతకుముందు అది మహబూబ్‌నగర్‌లో ఉండేది. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ తొలిగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. రొమ్ము క్యాన్సర్ కీమో ఆ పథకంలో ఉంది. 2023 డిసెంబరు నుంచి పరిమితి 10 లక్షల రూపాయలు. ఖర్చు తీరినా దారి తీరదు: సాధారణంగా 21 రోజులకొక విడత చొప్పున ఆరు నుంచి ఎనిమిది విడతలు, ప్రతిసారీ రక్తపరీక్ష. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి వంటి చోటికి తోడుగా ఇంకో మనిషి కూలి మానుకుని రావాల్సిందే.

విడతకూ విడతకూ మధ్య రోజులే ఎక్కువ ప్రమాదకరం. మందు ఎక్కాక వారం నుంచి రెండు వారాల్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చే మాత్రతో ఆగకూడదు. వెంటనే పెద్దాసుపత్రికి చేరి రక్తకణాల లెక్క చూపించుకోవాలి, ఆలస్యం లేకుండా యాంటీబయాటిక్ నరానికి ఎక్కించాలి.