ఫ్యాన్ ఫిక్షన్‌లో పాఠకుల అభిప్రాయాలు

ఫ్యాన్ ఫిక్షన్ అనగా ఒక నవల, చలనచిత్రం లేదా టెలివిజన్ ధారావాహికలోని పాత్రలను, కల్పిత ప్రపంచాన్ని తీసుకొని అభిమానులు స్వయంగా వ్రాసే కథలు. మూలకృతిపై హక్కులు వేరొకరివి గనుక సాధారణంగా వీటిని అమ్మరు. రచయితకు పారితోషికం ఉండదు. అందువలన పాఠకుడు తెలిపే అభిప్రాయమే రచయితకు దక్కే ముఖ్యమైన ప్రతిఫలం. అభిప్రాయం చెప్పడానికి, స్వీకరించడానికి ఈ రచయితలు, పాఠకుల మధ్య కొన్ని మర్యాదలు ఏర్పడ్డాయి.

చరిత్ర

ఆంగ్లంలో నేటి ఫ్యాన్ ఫిక్షన్ సంప్రదాయానికి స్టార్ ట్రెక్ (1966-69) అనే అమెరికన్ ధారావాహిక అభిమానులు బాట వేశారు. వారు ఫ్యాన్‌జైన్ అనే చిన్న పత్రికలను సొంత ఖర్చుతో వెలువరించేవారు. 1967లో మొదలైన స్పాకనేలియా వీటిలో తొలితరానికి చెందినది. ఆ రోజులలో పాఠకులు కథలపై అభిప్రాయాలను ఉత్తరాల ద్వారా తెలిపేవారు. వాటిలో కొన్ని తరువాతి సంచికలో అచ్చయ్యేవి.

1998లో ప్రారంభమైన ఫ్యాన్‌ఫిక్షన్.నెట్‌లో ప్రతి అధ్యాయానికీ విడిగా సమీక్ష వ్రాసే వీలు కలిగింది. దీనితో కథ పూర్తికాకముందే పాఠకుల స్పందన రచయితకు చేరసాగింది. 2009లో అందరికీ అందుబాటులోకి వచ్చిన ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్‌లో వ్యాఖ్యలతో పాటు, మాటలేమీ వ్రాయకుండా మెప్పు తెలిపే 'కుడోస్' అనే మీట కూడా ఉంది. ఈ సంస్థకు 2019లో హ్యూగో పురస్కారం లభించింది.

అభిప్రాయాలలో రకాలు

* మెప్పు: కథ నచ్చిందని తెలపడం. ఏ సన్నివేశం, ఏ సంభాషణ నచ్చిందో చెప్పినప్పుడు రచయితకు ఎక్కువ ఉపయోగం.
* నిర్మాణాత్మక విమర్శ: గుణాలతో పాటు భాష, పాత్రచిత్రణ, కథాగమనాలలోని లోపాలను కారణసహితంగా చూపడం.
* బీటా పఠనం: ప్రచురణకు ముందే రచయిత కోరిక మేరకు ప్రతిని చదివి సవరణలు సూచించడం. ఇలా చదివేవారిని బీటా రీడర్ అంటారు.
* ఫ్లేమ్: కథను వదిలి రచయితను దూషించడం. దీనిని విమర్శగా పరిగణించరు.

వివాదం

రచయిత కోరకుండా లోపాలు చెప్పవచ్చునా అన్న విషయంలో ఏకాభిప్రాయం లేదు. బహిరంగంగా ప్రకటించిన రచన విమర్శకు అతీతం కాదని కొందరి వాదన. ఉచితంగా, సంతోషం కోసం వ్రాసేవారికి అడగని విమర్శ నిరుత్సాహం కలిగిస్తుందని మరికొందరు అంటారు.

విమర్శ ప్రభావానికి 'మేరీ స్యూ' అనే మాట చక్కని ఉదాహరణ. 1973లో పౌలా స్మిత్ వ్రాసిన చిన్న వ్యంగ్య కథలో మేరీ స్యూ పదిహేనున్నర ఏళ్ళకే అన్నిటా ఆరితేరిన నాయిక. క్రమంగా ఆ పేరు, రచయిత్రి తన కోరికలను పాత్రకు తొడిగిందని ఎత్తిపొడిచే మాటగా మారింది. ఈ ముద్రకు వెరచి కొందరు రచయిత్రులు కొత్త స్త్రీపాత్రలను సృష్టించడమే మానుకున్నారని కమిల్ బేకన్-స్మిత్ తన 1992 నాటి గ్రంథంలో వివరించారు.

విద్యా ప్రాముఖ్యం

ఆంగ్లం మాతృభాష కాని కిశోర రచయితలపై రెబెకా బ్లాక్ జరిపిన అధ్యయనం 2008లో పుస్తకంగా వెలువడింది. తాము భాష నేర్చుకుంటున్నామని ముందుగా చెప్పుకున్న రచయితలకు పాఠకులు ధైర్యం చెబుతూనే తప్పులు దిద్దడం ఆమె గమనించారు. 2019లో సిసిలియా అరగాన్, కేటీ డేవిస్ ఈ ప్రక్రియను వికేంద్రీకృత మార్గదర్శనంగా వర్ణించారు. ఒకే గురువు చేసే పనిని ఇక్కడ పలువురు పాఠకులు తలా కొంత పంచుకుంటారు. ఒక్కొక్క వ్యాఖ్య చిన్నదే అయినా, అన్నీ కలిసి రచయితకు దారి చూపుతాయి.

ఇవి కూడా చూడండి

* సాహిత్య విమర్శ
* స్టార్ ట్రెక్